మూల లేని ఇంటి పిల్ల

ఉలాన్‌బాతర్ ఉత్తరపు గుట్ట మీద
బొగ్గు పొగ ఇంకా విడవని ఉదయం.
పదకొండు జతల బూట్లు గుమ్మం దగ్గర మంచు కారుస్తున్నాయి.
పన్నెండోది ఖొంగొర్‌జుల్‌ది. ఎప్పటిలాగే ఆలస్యం.

రాత్రి కూర్చుని ఎర్రవి, పసుపువి, నీలివి
అట్టముక్కలు కత్తిరించాను. మళ్ళీ పక్కన పడేశాను.
రంగు చూసి పేరు చెప్పేస్తారు, దొంగలు.
అన్నీ పాత నూడుల్స్ డబ్బాలోంచే కోసుకొచ్చాను,
అన్నీ ఒకే మట్టిరంగు.

"పేరు తర్వాత. ముందు అంచు మీద వేలిని నడిపించండి."
బిల్గూన్ వేలు నడిచింది.
ఆగింది. మలుపు తిరిగింది. మళ్ళీ నడిచింది.
"మూడుసార్లు గుచ్చుకుంది టీచర్!"
అంతే నాయనా, గుచ్చుకున్న చోటల్లా ఓ మూల.
మూడు మూలలు, మూడు తిన్నని అంచులు,
గొర్రెపిల్ల దూరి పారిపోదామన్నా
ఎక్కడా సందు లేదు. అది త్రిభుజం.

ఆ ముక్కనే తలకిందులు చేసి చూపించానో లేదో
గదంతా గోల:
"ఇప్పుడు కాదు! పడిపోయింది!"
వాళ్ళ తప్పేముంది? గోడ మీది పటంలో త్రిభుజం
ఎప్పుడూ పీట వేసుకుని కూర్చునే ఉంటుంది.

బిల్గూన్‌ని రెండు కాళ్ళూ పట్టి ఎత్తాను.
జేబులోంచి ఎండు పెరుగుగడ్డ రాలింది.
"వీడెవడు?"
"బిల్గూన్!"
"తలకిందులయ్యాడు కదా?"
"అయినా బిల్గూనే!"
"నేనే, నేనే" అని
మొహం ఎర్రబడ్డ బిల్గూన్ కింద నుంచి సాక్ష్యం చెప్పాడు.
నా నడుము మాత్రం ఇంకా నొప్పిగానే ఉంది.

ఇక నలుచదరం. తేలికే అనుకున్నాను.
"మన ఇల్లులా ఉంటుంది" అని నోరు జారాను.
శిక్షణ పుస్తకంలో ఉన్న వాక్యం, ఏళ్ళుగా నాలుక మీదే ఉంది.
అప్పుడే తలుపు తోసుకొచ్చింది ఖొంగొర్‌జుల్,
కనురెప్పల మీద మంచుపొడి.
"మా ఇంటికి మూలల్లేవు" అంది, టోపీ అయినా తీయకుండా.

లెక్కపెట్టాను. పన్నెండు మందిలో ఎనిమిది మందివి
ఉన్ని కప్పిన గుండ్రటి గెర్‌లే.
"మరి అల్లరి చేస్తే నిన్నెక్కడ నిలబెడతారు?"
"పొయ్యి చుట్టూ తిరగమంటారు.
ఎంత తిరిగినా అయిపోదు."
ఏ పుస్తకమూ వృత్తం గురించి నాకిలా చెప్పలేదు.

గుడ్డసంచిలో ముక్కలు వేసి, కళ్ళు మూసుకుని
వేళ్ళతో పోల్చమన్నాను.
తన వంతు రాగానే ఖొంగొర్‌జుల్
చెయ్యి పెట్టి, కాస్త ఆగి, "మేక" అంది.
అందరూ పకపకా నవ్వారు.
చెయ్యి తీసింది. అరచేతిలో గొర్రె చీలమండ ఎముక,
ఆటకి దాచుకున్న షగై, ఎప్పుడు సంచిలో వేసిందో!

"మేకని ఎలా తెలిసింది?"
"బొటనవేలు గుంటలో దిగింది.
గొర్రె వైపైతే కడుపు ఉబ్బెత్తుగా ఉంటుంది."
బొగ్గు లారీ తోలే మామయ్యతో
చలి రాత్రులంతా పందెం ఆడిందట.
ఇక్కడ నేను డబ్బాలు కోసి కోసి వేళ్ళు కాయలు కాయించుకుంటుంటే!

పాలచాయ్ వేళ. నూనెలో వేగిన బోర్త్‌సోగ్,
తలా ఒక నలుపలక ముక్క.
నెలరోజులుగా నోరు మెదపని ఉయంగా
ఓ మూల కొరికింది.
నమిలింది. వేలు నడిపింది. మళ్ళీ నడిపింది.
నా కొంగులాంటి శాలువా అంచు పట్టి లాగింది.

"టీచర్, నాలుగులో ఒకటి తిన్నాను."
"మరి ఎన్ని మిగిలాయి?"
"ఐదు."

దిద్దబోయి, నోరు మూసుకున్నాను.
నా ముక్కకూ ఓ మూల కొరికి
నూనె వేలితో
అంచు వెంట నడవడం మొదలుపెట్టాను.