ఏడో మీటింగు

మినిట్స్ రాసేది నేనే.
రాయనివి కూడా అందుకే నాకు తెలుసు.

హైదరాబాదు పడమటి అంచున, వార్డు ఆఫీసు మేడ మీద
రేకుల కింద రెండు టేబుళ్లు కలిపి పరిచిన మ్యాపు.
ఫ్యాను వేస్తే మ్యాపు లేచిపోతుంది,
ఆపితే మేమే లేచిపోతాం.
అందుకని నాలుగు మూలలా నాలుగు రాళ్లు,
గుట్ట మీద చిల్లా ఊడ్చే రఫియా బేగం
కూరల సంచిలో తెచ్చినవి.
"ఇవి గూడ మెంబర్లే సాబ్, హాజరీ ఎయ్యండి" అంది.
వేయలేదు. రాళ్లకి కాలమ్ లేదు.

పైన ఏదులకుంట, దాని కింద పోశమ్మకుంట,
దాని కింద పేరు పోయి సర్వే నంబరు మిగిలిన ఇంకోటి.
గొలుసుకట్టు అంటారు.
మ్యాపులో మాత్రం మూడు నీలి మరకలు,
మధ్యలో గొలుసు ఉండాల్సిన చోట
ఫంక్షన్ హాలు, టైర్ల షెడ్డు, బాయ్స్ హాస్టల్.

మొదటి రోజు ఎవరి కుర్చీ వాళ్ల శాఖది.
నీళ్లు ఇరిగేషన్‌వి, బురద మున్సిపాలిటీది,
గుట్ట రెవెన్యూది, గుట్ట మీది చిల్లా వక్ఫుది,
చేపలు సొసైటీవి.
వాసన అందరిదీ.
"సమన్వయ లోపం" అని రాశాను.

రెండోదానికి సుచరిత గారి అపార్ట్‌మెంట్ వాళ్లు
వాకింగ్ ట్రాక్ అడిగారు, కుంట చుట్టూ, లైట్లతో.
తన్వీర్, డిగ్రీ రెండో ఏడు, మోకాళ్ల దాకా బురద,
"లైట్లుంటే కప్పలు పిలవవు మేడమ్" అన్నాడు.
ఆవిడ నవ్వేసింది.
మూడోదానికి ముందు రాత్రి
బాల్కనీలో లైటార్పి కూచుందట.
"పదకొండు దాకా విన్నాను" అంది. ఇంకేం అనలేదు.
ట్రాకు సగమైంది.
పోయిన సగాన్ని చుక్కల గీతగా ఉంచాను.

నాలుగోది అరుపులతోనే పోయింది.
నిమజ్జనం మర్నాడు తేలిన చేపల ఫోటోలు
బాలనర్సు పేకముక్కల్లా పరిచాడు.
ఉత్సవ కమిటీ లేచి వెళ్లింది. ఐదోదానికి రాలేదు.
ఆరోదానికి ఒక్కడొచ్చి తలుపు దగ్గరే నిలబడి
"పక్కన వేరే గుంట తవ్వితే చూద్దాం" అని
చెప్పులు విప్పకుండానే వెళ్లిపోయాడు.
దాన్ని అంగీకారం అనొచ్చా?
"పరిశీలనలో" అని రాశాను.

ఇక సాయిలు.
ఆరు మీటింగులూ గోడకానుకుని టీ తాగి,
బీడీ కోసం రెండుసార్లు బయటికెళ్లి,
ఒక్క మాటా ఆడని మనిషి
ఇవాళ లేచి మ్యాపు మీదికి వంగాడు.
"అలుగేది సారూ?"

ఏఈ పెన్ను మొనతో వెతికాడు.
ఉపగ్రహం తీసిన బొమ్మ, కారు నీడ కూడా కనిపిస్తుంది.
అలుగు కనిపించలేదు.
సాయిలు వేలు హాస్టల్ వెనక గోడ దగ్గర ఆగింది.
"ఈడ. మా తాత రాయి పేర్చిండు.
ఏదులకుంట నిండితే ఈడికెళ్లి దుంకేది, పోశమ్మకుంటకు.
ఇప్పుడు తొవ్వ లేక మీ సెల్లార్లల్ల దుంకుతున్నది.
అలుగు మూస్తే చెరువు అలగదా మరి?"

ఎవరూ నవ్వలేదు.
సుచరిత గారికి కార్లు తేలిన రాత్రి గుర్తొచ్చి ఉంటుంది.
రఫియా బేగం ఒక మూల రాయి తీసి
ఆ వేలున్న చోట పెట్టింది.
ఆ మూల మ్యాపు చుట్టుకుపోయింది. అలాగే వదిలేశాం.

తీర్మానం:
హాస్టల్ ఓనర్ ఫణీంద్ర గారిని తొమ్మిది మీటర్లు అడిగితే
నాలుగు ఇస్తానన్నారు,
కొత్త గోడ మనం కట్టిస్తే.
ఏడు నెలలకి నాలుగు మీటర్లు.
సరిపోతుందా అని సాయిలుని అడిగాను.
"సాలదు" అన్నాడు. "అయినా తెరువుండ్రి."

చివర్లో హాజరు పట్టీ. పేరు, హోదా, సంతకం.
ఆరుసార్లు హోదా గడి ఖాళీగా వదిలిన మనిషి
పెన్ను అడిగి తీసుకుని
గీత దాటిపోయేంత పెద్ద అక్షరాలతో రాశాడు:
నీరటి.

ఆ కొలువు ఎప్పుడో తీసేశారని ఏఈ నా చెవిలో అన్నాడు.
తెలుసన్నాను.
కింద సీలు వేశాను.