బెల్లం మండీలో ఉప్పు

అయిదున్నర బస్సుకు వేలూరు పోతా ఉండాను.
పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇయ్యాల.
మూడు నెల్లకొకసారి
నాలో ఉప్పెంతుందో వాళ్లు చూసి చెప్తారు.

లిథియం అంటే ఉప్పేనంట.
రాళ్లలో దొరికేదంట.
చిత్తూరు బెల్లం మండీలో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు రాసేవాణ్ణి,
చొక్కా విప్పితే చీమలు పట్టేవాణ్ణి,
నన్ను బతికించేది ఉప్పని ఎవురనుకున్నారు?

ఆ యేడు మాఘమాసంలో ఆరు రాత్రులు నిద్ర రాలేదు.
రాలేదనకూడదు,
అక్కర్లేకపోయింది.
చీకట్లో దిమ్మెలు ఒక్కొక్కటే వెలిగినాయి.
లోకంలో అందరికంటే ముందు నేనే లేచినట్టు,
అందరికీ నేనే ఏదో చెప్పాల్సినట్టు.
మూడింటికి ఏకాంబరం శెట్టికి ఫోన్ చేసి
బెల్లంపొడి దుబాయికి పంపిద్దామన్నాను.
గజలక్ష్మి కమ్మలు కుదవబెట్టి
నాలుగొందల రేకు డబ్బాలు కొన్నాను.
అవి ఇప్పుడూ మిద్దెమీదే ఉండాయి.
వానొస్తే మోగతాయి.

అబద్ధం ఎందుకు,
ఆ ఆరు రాత్రుల మీద నాకింకా మనసుంది.

తర్వాత వచ్చింది దుఃఖం కాదు.
దుఃఖానికి ఏడ్చేంత తడైనా ఉంటుంది.
తడిసిన గోనెసంచి మీద కప్పి
ఎవరో మరిచిపోయినట్టు ఉంటి.
పళ్లు తోముకునేదానికి లేసేది
ఎవరి పనో అనిపించేది.
నాలుగు నెలలు మంచంలోంచి
మా పాప స్కూలు బూట్లు మాత్రమే చూసినాను,
పోతా, వస్తా.
ఒక సాయంత్రం ఆ బూట్లు నా దగ్గరికొచ్చి ఆగినాయి.
"నాయనా, ఏడో ఎక్కం అప్పజెప్పనా?"
ఊఁ అన్నాను.
ఆ ఊఁకి ఎంత ఖర్చయిందో
ఏ పద్దులోనూ లేదు.

డాక్టరమ్మ చీటీ మీద బైపోలార్ అని రాసింది.
మా చిన్నాయన గాలి సోకిందని తాయెత్తు కట్టించినాడు.
మాత్ర అందుకునే చేతికే తాయెత్తూ ఉండాది.
ఇంతవరకు రెండూ కొట్లాడుకోలేదు.

ఇప్పుడు నాకాడ రెండు పుస్తకాలు.
ఒకటి మండీది.
ఎర్ర అట్టది నిద్రది.
సోమవారం ఏడు. మంగళవారం ఆరున్నర. బుధవారం ఏడు.
వరసగా రెండు రాత్రులు నాలుగు దాటకపోతే
ఏటీఎం కార్డు, బండి తాళం గజలక్ష్మికిచ్చేయాల.
బాగున్నప్పుడు నేనే రాసి సంతకం పెట్టినాను,
బాగాలేని నన్ను నమ్మొద్దని.
వాడు కూడా నా సంతకమే పెడతాడు.
అదే చిక్కు.

చేతులు వణుకుతాయి.
నా మూడు ఎనిమిదిలా కనబడిందని
పూతలపట్టు రైతు తగాదాకొచ్చినాడు.
"తాగుతావా అన్నా?"
లేదబ్బా, ఉప్పు, అన్నాను.
వాడు నా మొహం చూసి ఇంగేం అడగలేదు.

మొన్న ధర లేసింది.
బండి తోలతా ఈల వేసుకుంటా ఇంటికొస్తి.
గడప తొక్కకముందే గజలక్ష్మి
"రాత్రి ఎంతసేపు పండుకుంటివి?" అనింది.
ఒళ్లు మండింది.
రసీదు చూపించి నవ్వాల్నా నేను?
ఎర్ర పుస్తకం ఆమె ముందర పడేసినాను.
తెరవలేదు.
సంగటి కెలకతా,
నా దిక్కు చూడకుండా,
"ఏం పాట అది" అనింది.

చెప్పలేదు.
చెప్పుంటే బాగుండు.

బస్సు గుడిపాల దాటింది.
సంచిలో నీళ్ల బాటిలు, మాత్రలు, ఎర్ర పుస్తకం.
రాత్రి వానొచ్చింది.
డబ్బాల చప్పుడుకు మెలకువొచ్చి
చానాసేపు వింటా పడుకున్నాను.
పక్కన ఆమె కూడా మేలుకునే ఉండాదని తెలుసు.
ఇద్దరం మాట్లాడలేదు.
నిన్నటి గడి ఇంకా ఖాళీగానే ఉంటే
పెన్ను తీసి, కుదుపుల్లోనే,
అయిదు అని వేసినాను.
పక్కన చిన్నగా, వాన, అని రాసినాను.