పదిహేనో చీటీ

మనామాలో బట్టల బజారు వెనక సందు,
మూడో అంతస్తులో మా గది.
పై బంకు నాది. దాని పక్క గోడ కూడా నాదే,
పోయినేడు ఆరుగురం పంచుకున్నప్పుడు నా వంతుకొచ్చిన గోడ.
గుండుసూదులతో
ఇరవై ఆరు చీటీలు గుచ్చిన.
ముందు పక్క పాత కొలతలు:
భుజం పదిహేను, పొడవు యాభై ఆరు, చెయ్యి ఇరవై ఏడు.
వెనక పక్క నా నవల.

ఇస్త్రీ షఫీకుల్‌కు మన అక్షరాలు రావు.
అయినా అడుగుతడు:
"ఇయ్యాల యాడిదాంక వచ్చిండు నీ లింబాద్రి?"
"ఏడో చీటీ. అప్పు పుట్టింది, విమానం ఎక్కలే."
"ఎక్కియ్యి మరి, అన్నం చల్లారుతుంది."

సిరిసిల్లల నాయిన చెప్పేటోడు,
పడుగు సాఫుగా పడితే
పేకల సగం తప్పులు బట్టే మింగుతదని.
అందుకే ముందుగాల పడుగు పోసుకున్న.
ఎనిమిదిల గడప దాటాలె.
పదమూడు నడుము, అక్కడ కథ వంగాలె.
ఇరవై రెండుల అన్నీ పోవాలె,
ఆఖర్ల ఏదో ఒకటి దొరకాలె,
ఏందో ఇంకా తెల్వదు.

నల్లబట్ట మీద సుద్దగీత ఇది,
ఆవిరి తగిలితే ఉండదు.
అయినా గీత లేకుండ కత్తెర పెట్టినోణ్ని
యాకూబ్ మాస్టర్ కొట్లో ఉంచడు.

రంజాన్ ముందటి నెల. దినాం పద్దెనిమిది అబాయాలు.
ఆ ఆగమాగంల పదిహేనో చీటీ
నా అంగీకి అంటుకొని పోయిందో ఏమో,
కత్తిరింపు బల్ల మీద తేలింది.
మాస్టర్ ముందు పక్కే చూసిండు.
ఉమ్ రాషిద్ కొలతలకు
ఎవరూ అడగని అబాయా ఒకటి తయారైంది.
నా జీతంల తొమ్మిది దినార్లు కోసిండు,
బట్ట కోసినంత నున్నగ.

తర్వాత ఫోన్ చేసిండు, నవ్వుకుంట, అరబ్బీల:
ఒకటి ఎక్కువ కుట్టినం, సగం ధరకు తీస్కపోండ్రి.
అవతల శానాసేపు చప్పుడు లేదు.

మాపటికి బిడ్డ వచ్చింది.
తల్లి చలికాలంల పోయిందట.
అద్దం ముంగట తొడుక్కుంది.
చేతులు రెండంగుళాలు పొడుగు, వేళ్ల మీదికి జారుతున్నయి.
మాస్టర్ టేపు తీసిండు.
వద్దన్నది. అట్లనే పోయింది, పైసలు మొత్తం ఇచ్చి.
నా తొమ్మిది దినార్లు మాత్రం వాపస్ రాలే.

చీటీ వెనక రాసుకున్నది యాదికే ఉంది:
"లింబాద్రికి జీతం పెరుగును."
మళ్ల రాసి గుచ్చొచ్చు. పొద్దు పట్టదు.
సూది అట్లనే ఉంది, ఉత్త సూది.
దాని చుట్టూ ఉన్నవి చూస్తుంటే
పద్నాలుగు ఎందుకో బిగుతుగ అనిపించింది,
పదహారు అబద్ధమనిపించింది.
పదహారు నుంచి అన్నీ ఊడదీసిన.

"యాడిదాంక?" అన్నడు షఫీకుల్, కింది బంకు నుంచి.
"ఆగింది. ఎవరో వచ్చిండ్రు నడుమ."
"ఎవరు?"
"పేరు పెట్టలే. చేతులు పొడుగున్నయి."
వాడు లైటు ఆర్పలే.
లింబాద్రిని కొంచెం పక్కకు జరగమన్న.