పై అంతస్తుకు వదిలిన చువ్వలు

రాణిగారితోటలో పాత మునిసిపల్ గోడౌను పడగొట్టినచోట
పంతుళ్లకి అద్దె ఇళ్లు కడుతున్నాం.
నేను తాపీ మేస్త్రీని, దావీదుని.
గజం గోడ ఎంత సిమెంటు తింటుందో తెలుసు.
జీతాన్ని అద్దె ఎంత తింటుందో మాత్రం
షంషాద్ టీచరమ్మ చెప్పింది.
మా ఇసక కుప్ప మీదే పుల్లతో ఓ గీత గీసి
సగం దాటాక ఒక గాటు పెట్టి,
"ఇంతవరకూ ఇంటాయనది మేస్త్రీ, ఈ మిగిలింది మా ఇంటిల్లిపాదిదీ.
అందుకే నూజివీడు" అంది.

చీకటితో లేస్తుంది.
రెండు బస్సు సీట్ల మధ్య ఆమె రోజు.
సాయంత్రం బెల్లు మోత ఆగకముందే సంచీ భుజాన ఉంటుంది.

ఇల్లు వెతక్క కాదు.
పటమటలో, మొగల్రాజపురంలో, సత్యనారాయణపురం సందుల్లో
టులెట్ బోర్డులన్నీ పాఠంలా చదివింది.
"మీరేమిట్లు?" అని అడిగాడట ఒకాయన.
"లెక్కలు" అందట.
ఆయన తలుపు వేసుకున్నాడు,
చప్పుడు కాకుండా, చాలా మర్యాదగా.

మా సువార్త ఆమె దగ్గరే ఎనిమిది.
దసరా సెలవులకి ముందు నుంచీ దాని గొంతులో ఒక సందేహం:
రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకవుద్ది?
నన్నడిగింది.
నా దగ్గర రుణాలకి కొదవా?
ఒకదాని మీద ఒకటి పెట్టి పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను,
ఒక్కసారీ ధనం అవలేదు.
టీచరమ్మనే అడగమన్నాను.
"బెల్లయ్యాక ఆమె ఉండదు నాన్నా. బస్సు."

ఆ రోజు నుంచీ
తూకం గుండు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

కట్టిన ఇంట్లో ఉండటం మా పనిలో లేదు,
గచ్చు ఆరాక తాళం ఇచ్చేసి పోవడమే.
వీళ్లకీ ఇది సొంతం కాదని ఏఈ గారు చెప్పాడు.
జీతంలో అయిదో వంతు అద్దె,
బదిలీ అయితే తాళం ఇచ్చేసి పోవాలి.
ఏమిట్లంటే ఇక చెప్పొచ్చు,
వాళ్లూ మేమూ ఒకట్లే.

బొమ్మలో లేని అర ఒకటి కట్టాను వంటింటి పక్కన,
దిద్దాల్సిన పుస్తకాల కట్ట పట్టేంత.
ఏఈ టేపు పెట్టి చూశాడు, కాయితం చూశాడు,
నా మొహం చూశాడు,
టీకి పోయాడు.
ఇరవైనాలుగు ఇళ్లలోనూ కట్టేశాను.

అర్జీలు నూట ముప్పైఒకటి.
బడి హాల్లో స్టీలు బిందెలో చీటీలు వేసి
ఒకటో తరగతి బుడ్డోడి చేత తీయించారు.
బుడమేరు నీళ్లు పరుపు మీదకెక్కిన హిందీ మాస్టారికొచ్చింది.
లాడ్జి గదిలో కుక్కరు దాచుకునే పీఈటీ సారుకొచ్చింది.
టీచరమ్మ పేరు వెయిటింగులో తొమ్మిది.
చప్పట్లు కొట్టింది ఆమె కూడా,
తర్వాత చేతులకంటిన సుద్ద దులుపుకుని టైము చూసుకుంది.

ఆ సాయంత్రం సువార్త ఆమె వెంట బస్టాండు దాకా పోయింది.
నూజివీడు ప్లాట్‌ఫారం మీద, జనం మధ్య,
"వెనక్కి తిరుగు" అందట. తిరిగింది.
"మళ్లీ వెనక్కి తిరుగు." తిరిగింది.
"ఇప్పుడెటు చూస్తున్నావ్?"
జవాబు నోట్లో ఉండగానే బస్సు కదిలింది.
రాత్రి అన్నాల వేళ మా ఒంటిగదిలో
పిల్ల అలా తిరుగుతూనే ఉంది,
కంచాలు తొక్కుతావే అని వాళ్లమ్మ కసిరేదాకా.

స్లాబు మీద నిలబెట్టిన చువ్వలు కోసెయ్యమన్నాడు కాంట్రాక్టరు.
పై అంతస్తుకి డబ్బు మంజూరు కాలేదు,
అవుతుందని ఎవరూ చెప్పరు.
రేపు కోస్తాలే అన్నాను. మర్నాడూ అదే అన్నాను.
పొద్దుగూకి కూలీలు దిగిపోయాక
బొచ్చె అడుగున మిగిలిన సిమెంటు పాలు
తుప్పు పట్టకుండా ఒక్కో చువ్వకీ పూశాను.
తొమ్మిదో స్తంభానికి
రెండు పూతలు.