రూపాయికి ఎనిమిది పైసలు

మార్చి ఆఖరు. బల్దియా కౌంటర్ల ఫ్యాను తిరుగుతలేదు.
రసీదు చేతుల పెట్టి
"అయిపాయె, జరుగమ్మా" అన్నడు క్లర్కు.
నేను జరగలేదు. చదివిన.

ఇంటి పన్ను పదకొండు వందల యాభై.
దాని కింద, చీమ తలకాయంత అచ్చుల,
గ్రంథాలయ పన్ను తొంభై రెండు.

ఇరవై రెండేండ్లసంది కడుతున్ననట.
కొత్తవాడల జంపఖానలు నేసే చేతులివి,
ఒక్క పోగు తెగితే చీకట్ల గూడ పసిగడతయి.
కాయితం మీద గీ ఒక్క వరుస
ఇన్నేండ్లు నా కండ్లు గప్పింది.

లైబ్రరీ మా గల్లీ మలుపులనే.
లోపల అంత పరీక్షల పిల్లగాండ్లు.
కుర్చీలు ఇంటికాంచి తెచ్చుకున్నరు,
పుస్తకాలు తెచ్చుకున్నరు, నీళ్ల సీసాలు తెచ్చుకున్నరు.
పేపరు స్టాండు మాత్రం
బట్టలు తీసిన దండెం లెక్క ఉత్తగున్నది.

"పేపర్లేవి సార్?"
సదానందం సారు నోటుబుక్కు తెరిచిండు.
ఏజెంటుకు ఏడు నెలల బాకీ.
కరెంటోళ్లు రెండుసార్లొచ్చిన్రు, బతిమిలాడితె పోయిన్రు.
ఊడ్చే కొంరమ్మ జీతం కాడ ఖాళీ గడి.
"రూపాయికి ఎనిమిది పైసలు, మీ లెక్క సరిగనే ఉన్నదమ్మా.
బల్దియాల ఉన్నది. అక్కడికెల్లి సంస్థకు రావాలె,
సంస్థకెల్లి నాకు రావాలె.
ఉత్తరం రాసినం.
ఉత్తరానికి ఉత్తరం వచ్చింది."

నాది ఏడో తరగతి. ఫైళ్లు నాకెరుక లేదు.
మగ్గం ఎరుకే.
ఈ దిక్కుకెల్లి పోయిన నాడె
ఆ దిక్కుకెల్లి మళ్ల రావాలె.
పోయిన కాడ్నే కూసున్నదంటే
అది నేత కాదు, దారం దండుగ.

రాత్రి పండుకోని లెక్క చేసిన.
తొంభై రెండంటే పదకొండు దినాల పేపరు,
పన్నెండో దినం సగం పేజీలు.
లేకుంటే ఒక కుర్చీ కాలు.
ఒక్క కాలే.
ఇంకొకటి యాకూబీ ఇంటిది,
ఇంకొకటి చౌరస్తల ఇడ్లీబండాయనది,
నాలుగోది ఎవరిదో, ఇల్లు తాళమేసి ఉన్నది.
అంటే వాడకట్టంత కలిస్తె
ఒకలు కూసుండొచ్చు.

తెల్లారి రసీదు తీస్కపోయి
ఖాళీ స్టాండుకు క్లిప్పేసి వేలాడదీసిన.
ఒక పిల్లగాడు లేచొచ్చిండు,
ముందటిది చదివి, వెనుకకు తిప్పి చూసి
"ఇది సిలబస్‌ల లేదు పెద్దమ్మా" అన్నడు.
అని, పెన్ను తీసి
తొంభై రెండు కింద గీత కొట్టిండు.

పొద్దుమీకి కొంరమ్మ చెప్పింది,
నా దాని పక్కన ఇంకో రెండున్నయట.
ఒకటి యాకూబీది.
రెండోది రసీదు కాదు, ఇంకా కట్టని డిమాండు నోటీసు.
దాని మీద గూడ
గదే కాడ, గీత.