తలకట్టు

వంద పంక్తులకు నాలుగు కాసులు.
మసి, జిగురు, రెల్లు కలం నావి.
పపైరస్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.
నైలు కాలవ ఒడ్డున, గాడిదల సంత మూలన
ఇరవయ్యేళ్ళుగా ఇదే నా బేరం.

ఎక్కువగా బార్లీ లెక్కలు రాస్తాను.
పారిపోయిన బానిసల గుర్తులు రాస్తాను:
ఎడమ కనుబొమ మీద మచ్చ, నడకలో కుంటు.
ప్రతి రసీదు చివరా చక్రవర్తిని
ప్రభువు అని రాస్తాను.
దానికి చెయ్యి ఎన్నడూ ఆగలేదు.

మా నాన్న సబ్బతాయస్ చెయ్యి వేరు.
ధర్మశాస్త్రపు చుట్టలు రాసేవాడు.
నాలుగక్షరాల ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి
కలం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని,
ఇంకో కలం తీసి
ఎవరూ వాడని పాత లిపిలో రాసేవాడు.
పైకి చదివి చెప్పమంటే
పెదవుల మీద వేలు పెట్టేవాడు.
మా ఇంట్లో దేవుడంటే
కాసేపు మౌనం,
మూల రాతి గిన్నెలో కదిలే నీళ్ళు.

మొన్న తహేసి వచ్చింది.
ఉన్ని వడికే మనిషి, వేళ్ళకు గొర్రె కొవ్వు.
ఒకప్పుడు బానిస. చెవి తమ్మె చీలి ఉంది.
చిరిగిన ముక్క ఒకటి చాపింది.
"మా పాట. తెల్లారకముందు పాడుకుంటాం.
చెమటకి చెరిగిపోతోంది, ఇంకోటి రాసిపెట్టు."
ఎవరి మీద పాట?
"సిలువ మీద చంపారే, ఆయన మీద."
తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.
"ఆయన మీద కాదు. ఆయనకి."

ఒక్క విభక్తి మారింది.
నాన్న ఉంటే లేచి వెళ్ళిపోయేవాడు.

ముక్కని దీపం దగ్గర పెట్టి చూశాను.
ఆయన పేరు పూర్తిగా లేదు.
మధ్య అక్షరాలు మింగేసి రెండే మిగిల్చారు,
పైన తలకట్టులా ఒక అడ్డగీత.
పై పంక్తిలో దేవుడన్న మాటకూ
అదే గీత, అదే పొడవు,
ఒకే దుంగలోంచి కోసిన రెండు దూలాల్లా.

పొరపాటేమో అన్నాను మర్నాడు.
లెక్కల్లోనూ ఇంతే,
పై వరుస చూసి కింద వేసేస్తుంటాం.
పొరపాటు కాదంది.
అయితే దేవుళ్ళు ఇద్దరా?
"ఒక్కడే." నాన్న అన్నంత గట్టిగా అంది.
మరి ఈయన?

కదురు ఆగింది.
"నాకు లెక్క రాదు.
రొట్టె విరిచి, రమ్మని ఆయన్ని పిలుస్తాం."
ఎలా పిలుస్తారో పిలిచి చూపించింది.
ఆమెకు అర్థం తెలియని ఆ మాట
మా నాన్నమ్మ భాష.
పొయ్యి దగ్గర నన్ను అన్నానికి పిలిచిన భాష.

"ముగ్గురు యజమానులు మారారు నాకు.
ముగ్గుర్నీ ప్రభువనే పిలిచాను, దెబ్బకి భయపడి.
కొట్టనివాడికి ఆ మాట ఇచ్చేశాక
వెనక్కి తీసుకోబుద్ధి కావడం లేదు.
బజారులో ధూపం వెయ్యమంటే కూడా."

ఆ రాత్రి పాటంతా ఎక్కించాను.
పేరు పైన మాత్రం ఖాళీ వదిలాను.
రాజుకైతే తలకట్టు ఉంటుంది.
మేకులు దిగిన కూలివాడికా?
దేవుడి పేరు రాయడానికే భయపడినవాడి కొడుకుని
ఈ గీత నేనా గియ్యడం?
నూనె అయిపోవస్తోంది.
వీధిలో ఎవరో గాడిదను తిడుతున్నారు.

పొద్దున్నే తహేసి వచ్చి
వెలుగులోకి ఎత్తి చూసుకుంది.
"ఇక్కడ గీత చెదిరింది."
చెయ్యి తడిగా ఉంది, అన్నాను.
ఎందుకని అడగలేదు.
గిన్నె వైపు ఒకసారి చూసి,
కాసులు లెక్కపెట్టి వెళ్ళింది,
ఒకటి తక్కువ.