పోగులు, బొట్లు

పుత్తూరులో ప్యాసింజరెక్కి, తిరుపతిలో దిగి
బాలాజీ కాలనీ దాకా నడిచేసరికి
ఇంక్యుబేటరులో ముప్పై ఏడు డిగ్రీలు.
బయట నలభై రెండు.

సున్నా రోజు.
పళ్లెం నిండా ఫైబ్రోబ్లాస్టులు.
ఒకదాని భుజం ఒకటి తగిలి ఆగిపోయినవి.
సన్నగా సాగి, రెండు కొసలా మొనదేలి
నాయన చేతిలో నాడె మాదిరి.
వీటి పనీ నేతే.
దారం తీసి తమ చుట్టూ తామే పరుస్తాయి,
కోసుకున్న చోట తోలును తిరిగి నేస్తాయి.

ఇన్సులిన్, డెక్సామెథసోన్,
నోరు తిరగని ఇంకొకటి.
మూడూ కలిపి పోశాను.
దాన్ని మందనలేను, ఆజ్ఞ అనలేను.
ఇకమీద వేరే పని చూసుకోమని
ఎవరో మెల్లగా చెప్పడం, అంతే.

నాలుగు గంటలకే రెండు ప్రోటీన్లు లేచాయి,
పెళ్ళింట్లో చీకటితో లేచి పొయ్యి ముట్టించే
మేనత్తల్లా.
పెద్దవాళ్ళను లేపిందాకా వాటి హడావిడి.
పీపార్ గామా వచ్చి పీటమీద కూర్చున్నాక
ఆ ఇద్దరూ ఎటుపోయారో ఫొటోల్లో ఉండరు.

నాలుగో రోజు
కొల్లాజెన్ గీత పలచన.
ఫైబ్రోనెక్టిన్ ఇంకా పలచన.
కణాలు చేతులు ముడుచుకుని గుండ్రమయ్యాయి.
లోపల ఒకటీ అరా మెరిసే బొట్లు.
అటెండరు చెంగల్రాయుడు మైక్రోస్కోపులో తొంగిచూసి
"ఏం మే ఢిల్లీరాణీ,
చారులో పోపు తేలినట్టుందే!" అన్నాడు.
రికార్డులో అదే రాయబోయి ఆగాను.

ఎనిమిదో రోజు రంగు పోస్తే పళ్లెమంతా ఎరుపు.
కొవ్వును మోసే ప్రోటీను,
బొట్టు చుట్టూ కావలికాసే పెరిలిపిన్,
చక్కెరకు తలుపు తీసేది,
అన్నీ కాటుక గీతల్లా నల్లగా, లావుగా.
ఎక్కడున్నాయి ఇవన్నీ ఇన్నాళ్ళూ?

అడుగు వరసలో యాక్టిన్ పెడతాం.
అది మారదని నమ్మకం.
ఎంత పోశామో అది చెప్తే
పై వరసలన్నీ దాంతో కొలుస్తాం.
నా యాక్టిన్ మాత్రం
సున్నా నుంచి ఎనిమిదికి
దిగువకు పారే కాలవలా తగ్గుతోంది.

"లోడింగ్ సరిగ్గా లేదు, మళ్ళీ చెయ్" అన్నారు వకుళ మేడమ్.
మళ్ళీ చేశాను.
కరెంటు పోయిన రాత్రి మంచు పెట్టెను వాటేసుకుని కూర్చుని
మూడోసారీ చేశాను.
అదే వాలు.
ఆకారం నిలబెట్టే వాసాలు కదా అవి.
ఆకారమే పోతుంటే వాసాలెందుకు?
నా చెయ్యి వణకలేదు మేడమ్.
కొలబద్దే కరుగుతోంది.

మా ఇంట్లో పూలైనా తాడైనా
నాయన మూరతోనే కొలిచేవాళ్ళం.
మరమగ్గాలు రెండూ ఇనుము రేటుకి తూకమేసి పోయినాక
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడౌన్లో
డ్రమ్ములు లెక్కపెట్టే పని దొరికింది ఆయనకు.
కూర్చుని చేసే పని.
నడుం చుట్టూ మెత్తదనం వచ్చింది, షుగరొచ్చింది,
నిద్ర కూడా వచ్చింది, అది మంచిదే.
"మీ నాయనేం మారలా" అంటుంది అమ్మ,
దేంతో కొలిచి చెప్తుందో.

చివరికి పొరంతటికీ ఒకేసారి గులాబీ రంగు పట్టించాను.
ఏ ఒక్క గీతనూ నమ్మకుండా
అన్నిటినీ కలిపి లెక్కగట్టాను.
మేడమ్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.
ఏమీ అనలేదు.
ఆమె అట్లా ఊరకుంటే ఒప్పుకున్నట్టే.

పోతూ పోతూ ఎందుకో
ఎనిమిదో రోజు కొల్లాజెన్‌కు
పది నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చి చూశాను.
సున్నా కాదు.
వెంట్రుకంత ఉంది.

రాత్రి పుత్తూరు స్టేషన్ బయట
స్కూటర్ మీద కూర్చుని కునుకుతున్నాడు నాయన.
పిలవబోయి చూశాను.
ఒళ్ళో బొటనవేలూ చూపుడువేలూ
కదులుతున్నాయి,
ఎక్కడో తెగిన పోగుకి
ముడేస్తున్నట్టు.